సేత్వార్ నుండి ధరణి వరకు

పెద్ద సాంకేతిక పథకాలు ఎందుకు చెడిపోతాయన్న ప్రశ్నకు మనలో సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. యంత్రం సరిగా లేదని ఒకటి. యంత్రం ముందు కూర్చున్నవాడు సరిగా లేడని రెండవది. ఈ రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని వాటితోనే తృప్తి పడితే అసలు విషయం చేజారిపోతుంది. ప్రభుత్వం గాని, వ్యాపార సంస్థ గాని లక్షలాది మనుషుల జీవితాలను ఒక లెక్కలోకి ఎక్కించదలచినప్పుడు, యంత్రం రాకముందే కొన్ని నిర్ణయాలు జరిగిపోతాయి. ఎవరి పేరు వ్రాయాలి, ఎవరి పేరు వ్రాయనక్కరలేదు, తప్పు పడితే దిద్దే అధికారం ఎవరికి వుండాలి అన్నవి ఆ నిర్ణయాలు. పథకం మంచిచెడ్డలు చాలావరకు వాటిలోనే వున్నాయని నా అభిప్రాయం. దీనికి నేను తీసుకుంటున్న ఉదాహరణ తెలంగాణ భూమి రికార్డుల చరిత్ర.

నేను మడికొండవాడిని. కాజీపేట నుండి హైదరాబాదు వెళ్లే తోవలో వున్న వూరు మాది. ఒకప్పుడు మా వూరి పేరు చెబితే మెట్టుగుట్ట, దాని మీది రామలింగేశ్వరుని గుడి గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు ఐ.టి. పార్కు గుర్తుకు వస్తున్నది. 2020 జనవరి 7న ఇక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కార్యాలయాలను ప్రారంభించారు. అదే సంవత్సరం అక్టోబరు 29న మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. మా వూళ్లో కంప్యూటరు ముందు కూర్చుని దూరదేశాల పనులు చేసే యువకులు వున్నారు. అదే వూళ్లో తమ భూమి ఆ కంప్యూటరులో ఏ విధంగా ఎక్కిందో తెలియక సతమతమైన రైతులూ వున్నారు. ఈ రెండింటినీ దగ్గర నుండి చూసినవాడిగా ఈ మాటలు వ్రాస్తున్నాను.

భూమిని లెక్కలోకి ఎక్కించే మహా పథకం మనకు కంప్యూటరుతో మొదలు కాలేదు. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు నాటికి నిజాం రాజ్యంలో శిస్తు వసూలు గుత్తేదార్ల చేతుల్లో వుండేది. ఆ పద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ ద్వారా రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. 1875లో సర్వే సెటిల్‌మెంటు శాఖ ఏర్పడింది. బొంబాయి రాష్ట్రపు పద్ధతి ననుసరించి గొలుసులతో భూములు కొలిచారు. ప్రతి చెలకకూ, ప్రతి పొలానికీ ఒక నంబరు ఇచ్చారు. నేల రకం, నీటి వసతి, విస్తీర్ణం, శిస్తు నిర్ణయించి, ఊరూరికీ ఒక రిజిస్టరు తయారు చేశారు. దాని పేరే సేత్వార్. ఇప్పటికీ భూమి తగాదా కోర్టుకు ఎక్కితే వకీళ్లు వెతికే కాగితాలలో అది ఒకటి.

కరెంటు లేదు, టెలిఫోను లేదు. అయినా ఒక రాజ్యంలోని భూమినంతా ఒకే పద్ధతిలో కొలిచి, ఒకే రకం పట్టికలో వ్రాయబూనడం ఆ కాలానికి గొప్ప సాంకేతిక కార్యమే. మనుషులకు శిక్షణ ఇవ్వాలి. కొలతలు ఒకే తీరుగా వుండాలి. పైనుండి తనిఖీ జరగాలి. ఇవాళ పెద్ద కంపెనీలలో ‘ప్రాజెక్టు మేనేజ్‌మెంటు’ అని పిలిచేదంతా అందులో వున్నది. పాలనా దృష్టితో చూస్తే అది విజయవంతమైంది; ఖజానా నిలదొక్కుకున్నది.

మరి రైతు సంగతి ఏమైంది? సర్వే మనిషి గొలుసు పట్టుకుని వూళ్లోకి వచ్చినప్పుడు అతనికి వివరాలు చెప్పినవారు ఎవరు? దేశ్‌ముఖు, దేశ్‌పాండే, పటేలు, పట్వారీ. చదువు వారికి వచ్చు, అధికారుల భాష వారికి తెలుసు. తరతరాలుగా ఇతరులు దున్నుతున్న సారవంతమైన భూములు వేల ఎకరాలు వారి పేర పట్టా అయినాయి. తాను దున్నే భూమి తన పేర లేదన్న సంగతి చాలామంది రైతులకు ఎప్పుడో గాని తెలియలేదు. తెలిసేనాటికి వారు కౌలుదార్లుగానో పాలేర్లుగానో మారిపోయి వున్నారు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో గడీల మీదికి పోయిన జనం కాగితాలను ఎందుకు తగలబెట్టారో అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుండి మొదలుపెట్టాలి. వారికి అక్షరం మీద ద్వేషం లేదు. తమను మినహాయించి వ్రాసిన లెక్క మీద ద్వేషం వుంది.

పోరాటం పాలకుల లెక్కను కొంత మార్చింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట చట్టంలోకి ఎక్కింది. 1954–55లో ఊరూరా భూమిని మళ్లీ పరిశీలించి ఖాస్రా పహాణీ తయారు చేశారు. అందులో పట్టాదారు పేరుతో పాటు ఆ భూమి ఎవరి అనుభవంలో వున్నదో వ్రాయడానికి కూడా చోటు పెట్టారు. ఆ తరువాత ప్రతి ఫసలీ సంవత్సరం వ్రాసే పహాణీలోనూ కాస్తుదారు గడి కొనసాగింది.

ఈ గడి గురించి కొంచెం ఆగి ఆలోచించవలసి వుంది. అందులో నిజమే వ్రాశారని నేను అనడం లేదు. పట్వారీ కలం ఎటు వంగేదో మా పెద్దలకు బాగా తెలుసు. పట్టాదారే సాగు చేస్తున్నట్టు ‘స్వయంగా’ అని వ్రాసి పారేసిన పహాణీలకు లెక్క లేదు. కోడిపుంజుకో, కుంచెడు బియ్యానికో మారిన రాతలూ వున్నాయి. అయినా గడి వున్నది. గడి వున్నందువల్ల అందులో నా పేరు ఎందుకు లేదని అడగడానికి ఒక సందు వున్నది. జమాబందీ రోజున అధికారి ముందు నిలబడి ‘నేను దున్నుతున్న భూమికి వాడి పేరు వ్రాశారు’ అని చెప్పే అవకాశం వున్నది. అబద్ధంతో నింపిన గడిని సవరించవచ్చు. తీసివేసిన గడిలో సవరించడానికి ఏమీ వుండదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. తెలంగాణలో పటేలు, పట్వారీ. కోస్తాలో మునసబు, కరణం. వంశపారంపర్యంగా గ్రామాన్ని ఏలిన వ్యవస్థ ఒక్క కాగితంతో కూలడం ప్రజలు హర్షించిన విషయమే. కాని ఒక చిక్కు మిగిలింది. భూమి రికార్డు అంతవరకు పట్వారీ ఇంట్లో సందుకలో వుండేది. చాలాచోట్ల ఆ సందుకతో పాటు రికార్డు కూడా కనబడకుండా పోయింది. పాత యంత్రాంగాన్ని తొలగించేటప్పుడు అందులోని జ్ఞానాన్ని ముందుగా స్వాధీనం చేసుకోకపోతే ఏమవుతుందో మనకు అప్పుడే ఒక పాఠం దొరికింది. దానిని మనం నేర్చుకోలేదని తరువాతి చరిత్ర చెబుతుంది.

కంప్యూటరు ఈ కథలోకి 1998లో ప్రవేశించింది. ఆ సంవత్సరం నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ అనే పథకం కింద 214 రిజిస్ట్రేషను కార్యాలయాలు ఒకేసారి పని మొదలుపెట్టాయి. దస్తావేజు విలువ కట్టడం, నకళ్లు ఇవ్వడం, ఇ.సి. వెతకడం – ఇదివరకు రోజుల తరబడి తిప్పుకునే పనులు గంటల్లో జరగసాగాయి. ప్రజలకు ఇది మేలే. దీనిని నిర్మించినవారు ముందుగా కొద్దిచోట్ల నడిపి చూసి, ఆ తరువాత విస్తరించారు. అయితే దీని పరిధి పరిమితమైనది. కొన్నవాడూ అమ్మినవాడూ వచ్చి చెప్పినదాన్ని అది నమోదు చేస్తుంది. ఆ భూమి నిజంగా ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అన్న ప్రశ్నలోకి అది పోదు. దస్తావేజు లేఖరి కార్యాలయం బయట చెట్టు కింద ఎప్పటిలాగే కూర్చున్నాడు. యంత్రం చేసిన మేలు ఎంతవరకో, ఎక్కడ ఆగిందో దీనివల్ల తెలుస్తుంది.

ఇక ధరణి. దానికి ముందు 2017 సెప్టెంబరు 15 నుండి డిసెంబరు చివరి వరకు రాష్ట్రమంతటా భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. తగాదా లేని భూములను ‘ఎ’ భాగంలో, తగాదా వున్నవాటిని ‘బి’ భాగంలో చేర్చారు. సేత్వార్ కాలం నుండి పేరుకుపోయిన చిక్కులను విడదీయడానికి ఇచ్చిన వ్యవధి మూడున్నర నెలలు. ‘బి’ భాగంలో పడినవారికి కొత్త పాసుపుస్తకాలు రాలేదు. 2020 సెప్టెంబరు 8 నుండి రిజిస్ట్రేషన్లు ఆపివేశారు. అదే నెలలో కొత్త చట్టం వచ్చింది. గ్రామ రెవెన్యూ అధికారుల పదవి రద్దయింది. భూమి తగాదాలు విచారించే రెవెన్యూ కోర్టులు రద్దయినాయి. నవంబరు 2 నుండి తహసీలు కార్యాలయాలన్నిటిలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు ధరణి ద్వారా మొదలైనాయి.

న్యాయంగా చెప్పవలసి వస్తే, ధరణి చేసిన మేలు కూడా వుంది. రికార్డు శుభ్రంగా వున్నవారికి రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూటలో, ఒకే కార్యాలయంలో పూర్తయినాయి. ఇదివరకు రిజిస్ట్రేషను అయిన తరువాత మ్యుటేషను కోసం నెలల తరబడి తిరిగి, చేతులు తడిపినవారికి ఆ విలువ తెలుసు. ఆ సౌకర్యాన్ని కాదనడం అభ్యుదయం కాదు.

కాని రికార్డులో తప్పు వున్నవారి సంగతి వేరు. ఊళ్లో విచారించడానికి వి.ఆర్.ఓ. లేడు. అప్పీలు వినడానికి రెవెన్యూ కోర్టు లేదు. తహసీలుదారుకు తప్పు కనబడుతుంది. దిద్దే అధికారం అతనికి లేదు. కలెక్టరు లాగిన్ వరకు పోవాలి, లేదా సివిలు కోర్టుకు ఎక్కాలి. ఫిర్యాదులు పెరిగినకొద్దీ ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క మాడ్యూలు చేర్చుకుంటూ పోయారు. వాటి సంఖ్య ముప్పై దాటింది. ‘టి.ఎం. 33’ అనే మాట చదువురాని రైతుల నోట కూడా వినిపించింది. పాసుపుస్తకంలోని వివరాల సవరణకు దరఖాస్తు పెట్టే మాడ్యూలు అది. ఏ మాడ్యూలు కింద దరఖాస్తు పెట్టాలో చెప్పడానికి మీసేవ కేంద్రం దగ్గర కొత్త దస్తావేజు లేఖరులు పుట్టుకొచ్చారు. సాదా బైనామాల మీద – అంటే తెల్లకాగితం మీద – భూమి కొనుక్కున్న చిన్న రైతులు క్రమబద్ధీకరణకు పెట్టుకున్న లక్షల దరఖాస్తులు, పాత చట్టం రద్దయి కొత్త చట్టంలో దానికి చోటు లేకపోవడం వల్ల ఆగిపోయాయి.

పహాణీలోని కాస్తుదారు గడి తీసివేయడం వీటన్నిటి కంటె పెద్ద విషయం. నూరేళ్లకు పైబడిన చరిత్రలో రైతులు పోరాడి సంపాదించుకున్న చోటు అది. దానిని ఏ యంత్రమూ తీసివేయలేదు. రికార్డును తేలిక చేయాలని, పట్టాదారుకు ఇక చిక్కు వుండరాదని అనుకున్న మనుషులు తీసివేశారు.

ఇక్కడ నా సంగతి చెప్పకుండా తప్పించుకోవడం న్యాయం కాదు. మా నాయన సంపాదించిన భూమి 2 ఎకరాల 12 గుంటలు నా పేర వుంది. కొత్త పాసుపుస్తకంలో అది 2 ఎకరాల 3 గుంటలుగా వచ్చింది. తొమ్మిది గుంటలు ఎక్కడ పోయాయో చెప్పగలవారు లేరు. నేను కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరిగాను. నాలుగు అక్షరాలు వచ్చినవాడిని కాబట్టి తిరగగలిగాను. పత్రికలకు ఉత్తరాలు వ్రాశాను. ప్రజల హక్కుల గురించి సభల్లో మాట్లాడాను.

ఆ భూమిని పన్నెండేళ్లుగా దున్నుతున్న మనిషి వేరే వున్నాడు. నేను కాదు. 2018 మే నెలలో రైతుబంధు మొదలై ఎకరానికి 4,000 రూపాయల చొప్పున పంట పెట్టుబడి వచ్చినప్పుడు, తొమ్మిది గుంటలు పోగా 8,300 రూపాయలు నాకు ముట్టినాయి. విత్తనాలు కొన్నది, ఎరువు మోసింది ఆయన. ఒకరోజు బజారులో కనబడి మెల్లగా అడిగాడు: ‘రైతుబంధు పడ్డదా సారూ?’ పడిందన్నాను. ‘మంచిదే సారూ’ అని వెళ్లిపోయాడు. నాకు రావలసిన మరొక 900 రూపాయల కోసం నేను దరఖాస్తు మీద దరఖాస్తు పెడుతున్న రోజులవి. ఆ తరువాత ప్రతి పంటకూ డబ్బును ఆయనతో సగం పంచుకున్నాను. అది నా గొప్పతనం కాదు. ఆ సగం కూడా ఆయన హక్కుగా రాలేదు, నా దయగా వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా పట్టాదారుకే. దున్నేవాడు చనిపోతే అతని ఇంటికి ఆ పథకం కింద చిల్లిగవ్వ రాదు.

నా తమ్ముని కొడుకు ఇక్కడి పార్కులో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. ధరణితో అతనికేమీ సంబంధం లేదు. అయినా నా బాధ అతని ముందు పెట్టి, దున్నేవాడి పేరు పెట్టడానికి కంప్యూటరులో చోటు చాలదా అని అడిగాను. నవ్వాడు. ‘చోటుకేం తక్కువ పెద్దబాపూ. మాకు పని చెప్పేటోళ్లు ఒక కాగితం రాసిస్తరు. అండ్ల లేని మనిషి మా దాంట్ల గూడ ఉండడు. ఆ కాగితం రాసేటప్పుడు మీ కౌలుదారుని ఎవలన్న పిలిచిన్రా?’ అన్నాడు.

పిలవలేదు. నన్నూ పిలవలేదు గాని, నాబోటివాడు ఎవడో ఒకడు అక్కడ వుండే వుంటాడు. పట్టాదారు ప్రయోజనం ఆ కాగితంలో ఎక్కింది.

పశ్చిమ దేశాల అనుభవం కూడా ఇంతకు భిన్నంగా లేదు. 1960 దశకంలో ఐ.బి.ఎం. సంస్థ 360 కంప్యూటర్లకు కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేయించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన అనుభవాలతో ఒక పుస్తకం వ్రాశాడు. ఆలస్యమైన పనికి మరికొందరు మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన చూపించాడు. ఆ మాట ఆ రంగంలో సామెత అయింది. దానికంటె ముఖ్యమైన మాట ఆయన 1986లో చెప్పాడు: ఇటువంటి పనులన్నిటిలో అతి కష్టమైనది ఏమి నిర్మించాలో ఖచ్చితంగా నిర్ణయించుకోవడమేనని. మా తమ్ముని కొడుకు తన భాషలో చెప్పినదీ అదే.

రెండవ ఉదాహరణ బ్రిటనులోని పోస్టాఫీసులది. 1999 నుండి అక్కడి పోస్టాఫీసుల లెక్కలను హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి మార్చారు. ఒక పెద్ద కంప్యూటరు కంపెనీ దానిని తయారు చేసింది. యంత్రం లెక్క ప్రకారం డబ్బు తక్కువ వచ్చిందని చిన్న చిన్న వూళ్ల సబ్-పోస్టుమాస్టర్ల మీద దొంగతనం నేరాలు మోపారు. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైళ్లకు పోయారు, కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. తప్పు యంత్రంలోనే వున్నదని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. యంత్రాలలో తప్పులు దొర్లుతాయి. అది వింత కాదు. యంత్రం మాట ముందు మనిషి మాట చెల్లదని ముందే నిర్ణయించుకున్నందువల్ల ఒక తప్పు ఇన్ని బతుకులను కూల్చింది.

వ్యాపార సంస్థలు ఇటువంటి పథకాలను ప్రభుత్వాల కంటె బాగా నడుపుతాయని తరచు వింటుంటాం. ఒక దుకాణం లెక్క తప్పితే ఖాతాదారు ఇంకొక దుకాణానికి పోతాడు. ఆ భయమే వ్యాపారిని తప్పు దిద్దుకొనేటట్టు చేస్తుంది. రైతుకు ఇంకొక తహసీలు కార్యాలయం లేదు. కాబట్టి ప్రభుత్వం వ్యాపారుల దగ్గరి యంత్రాన్ని తెచ్చుకుని, దిద్దుకొనేటట్టు చేసే ఆ ఒత్తిడిని మాత్రం తెచ్చుకోకపోతే, దాని ఫలితం రైతు మీదనే పడుతుంది. దుకాణంలో ఖాతాదారుకు వున్న స్వేచ్ఛకు బదులు ఇక్కడ రైతుకు చట్టబద్ధమైన హక్కు వుండాలి. తన వూళ్లోనే, ఖర్చు లేకుండా, గడువులోగా తన లెక్కను దిద్దించుకునే హక్కు అది.

2024 నుండి కొంత మార్పు వచ్చింది. ఆ సంవత్సరం మార్చి నెలలో సవరణల అధికారాన్ని కొంతవరకు తహసీలుదార్లకు, ఆర్.డి.ఓ.లకు పంచారు. 2025లో భూభారతి చట్టం వచ్చి, ఏప్రిల్ 14న దాని పోర్టల్ ప్రారంభమైంది. అప్పీలు చేసుకునే మార్గం మళ్లీ ఏర్పడింది. రద్దు చేసిన గ్రామాధికారి స్థానంలో గ్రామ పాలనాధికారులను నియమించవలసి వచ్చింది. అయిదేళ్ల కింద ఒకేసారి కూల్చినదాన్ని ఒక్కొక్కటిగా తిరిగి నిలబెట్టుకోవడం ఇది. 1984లో సందుక పోయినప్పటి పాఠమే మళ్లీ మన ముందుకు వచ్చింది.

కొత్త పథకాన్ని దేనితో కొలవాలి? ఎన్ని కార్యాలయాలలో ఎన్ని నిమిషాలలో పని జరిగిందన్నది ఒక కొలత. సాలార్‌జంగు సర్వే ఆ కొలతకు నిలబడింది. ధరణి కూడా నిలబడింది. రెండవ కొలత వేరు. భూమి మీద చెమటోడ్చే మనిషి పేరు ఆ లెక్కలో వున్నదా? అది తప్పు పడితే దిద్దించుకోవడానికి అతనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక అధికారి వున్నాడా? ఈ రెండవ కొలతకు ఇంతవరకు ఏ పథకమూ పూర్తిగా నిలబడలేదు.

నా తొమ్మిది గుంటలు నిరుడు తిరిగి నా పేర ఎక్కాయి. కాగితం చేతికి వచ్చిన రోజున నేను సంతోషించాను, అబద్ధం చెప్పను. ఇంటికి వచ్చేసరికి ఆ మనిషి పొలంలో నాట్లు వేయిస్తున్నాడు. విషయం చెప్పాను. ‘అయితే కౌలు పెరుగుతదా సారూ?’ అని అడిగాడు.